పదమును బదార్థమును: ఆంధ్రుల యాహారచరిత్రమున నొక విచారము

ఒక జాతి చరిత్రమునకు రాజుల యుద్ధములును వంశావళులును మాత్రమే చాలవనియు, ఆ జాతివారు తిన్న తిండియుఁ గట్టిన బట్టయు నాడిన యాటయుఁ దెలియవలయుననియుఁ బండితు లంగీకరించి చాలకాలమైనది. ఆంధ్రదేశమున నీ త్రోవను విశాల మొనర్చిన గ్రంథము సురవరము ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘికచరిత్ర’. 1949లో వెలువడి, 1955లో సాహిత్య అకాడమీ బహుమానము నందిన యా గ్రంథము కావ్యములందలి వర్ణనములను జనజీవనమునకు సాక్ష్యములుగాఁ గైకొనెను. నాఁటినుండి ప్రబంధములందలి భోజనవర్ణనములు చరిత్రకారులకు నాధారములైనవి. అయితే కావ్యమును సాక్షిగాఁ బిలుచువారు మున్ముందుగా నా సాక్షి పలుకుబడిని దెలిసికొనవలయును.

ఆహారవిషయమున నీ సావధానత మిక్కిలి యవసరము. ఏలయన, తినుబండారముల పేళ్లు త్వరగాఁ జావవు. ఆ పేళ్లు మోయు వస్తువులు మాత్రము కాలక్రమమున మాఱుచుండును. పదము నిలిచియుండఁగాఁ బదార్థము మాఱినచోటఁ జదువరి తన యింటివంటను బూర్వుల విస్తరిలో వడ్డించి చూచుకొనును. పాఠశాలలో ‘కూర’ యనఁగానే విద్యార్థి నాలుకకు మిరపకారము తోఁచును; ‘అన్నము’ అనఁగానే తెల్లని వరియన్నము కన్నులకుఁ గట్టును. ప్రాచీనకావ్యముల విషయమున మొదటిది యెల్లప్పుడును, రెండవది పెక్కుచోట్లను బొరపాటు. ఈ పొరపాటు కావ్యార్థమును జెఱచుటయే కాక, ఆంధ్రుల తిండి యెట్టిదన్న ప్రశ్నకుఁ దప్పుటుత్తరమును గల్పించును.

కాకతీయులనాఁటి యోరుగంటి వీథులను వర్ణించు క్రీడాభిరామము వినుకొండ వల్లభరాయని పేరఁ బ్రసిద్ధము. అది శ్రీనాథకృత మనువారును గలరు. అందొక పూటకూటియింట రూకకు దొరకు భోజనము చెప్పఁబడినది. కప్పురభోగి బియ్యపు వంటకము, గోధుమపిండివంట, పంచదార, క్రొత్తగాఁ గాఁచిన నేయి, పెసరపప్పు, అరఁటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుఁగు అందలి వస్తువులు. నేఁడు పప్పనఁగాఁ గందిపప్పునే తలంచువారు అచ్చటఁ బెసరపప్పు పేర్కొనఁబడుటను గమనింపవలయును.

1509 మొదలు 1529 వఱకు నేలిన శ్రీకృష్ణదేవరాయల యాముక్తమాల్యదలో విష్ణుచిత్తుఁడు భాగవతులకుఁ బెట్టు నాతిథ్యము ఋతువుల ననుసరించి వర్ణింపఁబడినది. కథాస్థలము ద్రావిడదేశమందలి శ్రీవిల్లిపుత్తూరైనను, వంటయిల్లు తెలుఁగువారి కెల్లఁ బరిచితమైనదే. వానకాలమునఁ గలమాన్నము, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు కూరలు, వడియములు, వరుఁగులు, పెరుఁగు, నేయి. వేసవిని నులివెచ్చని యన్నము, తియ్యని చారులు, పలుచని యంబలి, చెఱకుపాలు, ఎడనీళ్లు, ఊరవేసిన పిందెలు, నీరుచల్ల. చలికాలమున మిరియపుఁబొడి చల్లిన వేఁడివేఁడి కూరలు, ముక్కున కెక్కు నావపచ్చళ్లు, పాయసము, ఊరుఁగాయలు, కాఁగిన నేయి.

ఈ రెండు భోజనములలో నేఁటి యాంధ్రుఁడు తన విస్తరి నించుమించుగాఁ బోల్చుకొనఁగలఁడు. అందుఁ గానరాని దొక్కటి కలదు, అది మిరపకాయ. ఇది కవుల మఱపు గాదు. మిరప యమెరికాఖండమునఁ బుట్టి, యచ్చటనే వేలయేండ్లుగా సేద్యము చేయఁబడిన మొక్క. 1492లోఁ గొలంబసు ఆ ఖండమునకుఁ బోవుటకుఁ బూర్వము తూర్పుదేశముల వా రెవ్వరును దాని నెఱుఁగరు. 1498లోఁ బోర్చుగీసు నావలు కళ్లికోట చేరినవి. 1510లో గోవా వారి వశమైనది. వారి నావలమీఁదనే మిరప భారతదేశమున కరుదెంచెను. కనుక నన్నయనాఁడుగాని, పాల్కురికి సోమనాథునినాఁడుగాని, శ్రీనాథునినాఁడుగాని తెలుఁగుదేశమున మిరపకాయ లేదు. 1503లోఁ బరమపదించిన తాళ్లపాక యన్నమాచార్యుని కాలమునకును దానిరుచి సోఁకలేదనవచ్చును.

అంతకుముందు కారపురుచి నిచ్చినవి మిరియము, పిప్పలి, శొంఠి, అల్లము, ఆవాలు. వైద్యగ్రంథములలోఁ ద్రికటుకమన శొంఠి, పిప్పలి, మిరియములు. మిరప యందుఁ జేరలేదు. తిరుపతి దేవస్థానపు శాసనములలో నైవేద్యములకై బియ్యము, పెసలు, నేయి, బెల్లము, పెరుఁగులతోఁ గూడ మిరియములకుఁ బరిమాణము లేర్పఱుపఁబడియున్నవి. నేఁటికిని బెక్కు కుటుంబములలో శ్రాద్ధపు వంటకు మిరపకాయ పనికిరాదు, మిరియమే వాడుదురు. క్రొత్తవస్తువును బితృకార్యమున కంగీకరింపని యాచారము, మిరపకుఁ బూర్వపు వంటను మన కన్నులయెదుట నిలిపియుంచినది.

పేళ్లును నిదే చెప్పుచున్నవి. మిరపకాయ యను మాట ‘మిరియపుఁగాయ’నుండి పుట్టెనని భాషావేత్తల తలంపు. అరవమున ‘మిళగాయ్’ అనఁగా మిళగు, అనఁగా మిరియముయొక్క, కాయయే. కన్నడమున ‘మెణసినకాయి’యు నట్టిదే. క్రొత్తకాయకుఁ బాఁతగింజ పేరు పెట్టి మూఁడుభాషలవారును దానిని జుట్టముగాఁ జేర్చుకొనిరి. కారమను మాట క్షారశబ్దభవము; మొదట మంట పుట్టించు రుచికిఁ జెల్లిన యా పదము నేఁడు మిరపపొడికే పేరయినది. ఆవకాయలో మిరపపొడి యెంత యెఱ్ఱగా నున్నను, పేరు మాత్ర మావపిండినే చెప్పుచున్నది.

మిరప యింత త్వరగా మిరియమును జయించుటకుఁ గారణము రుచియొక్కటియే కాదు. మిరియపుఁదీఁగ పడమటికనుమల తేమనేలలోఁ గాని చక్కఁగాఁ బండదు. తెలుఁగుకాఁపు దానిని వర్తకునియొద్ద డబ్బిచ్చి కొనవలసినదే. మిరపయో యొకయేఁటిలోఁ గాఁపునకు వచ్చు మొక్క; నల్లరేగడిలోఁ బండును, పెరటిలోఁ బండును; ఎండఁబెట్టినచో సంవత్సరమెల్ల నిలువయుండును. సంపన్నుల విస్తరిలో సంబారముగా నున్న ఘాటు దానివలన నిఱుపేద యంబలికిని నంజుడైనది. ఉప్పును మిరపకాయయు నున్నచో జొన్నసంకటి దిగుననుట పల్లెలయందు వాడుక. గుంటూరు మిరపవిపణి దేశప్రసిద్ధమగుటకు మూల మీ సామాన్యజనుల యంగీకారమే.

క్రొత్తయాహారమునకుఁ దెలుఁగువారు పేరు పెట్టిన తెఱఁగులు మూఁడుగా విభజింపవచ్చును. మొదటిది, పరదేశపుఁ బేరునే స్వీకరించుట. అనాస, బొప్పాయి యిట్టివి. ఇవి పోర్చుగీసువారి నోటినుండి వచ్చినవి. రెండవది, పాఁతపేరునకొక విశేషణము చేర్చుట. వేరుసెనగ, మొక్కజొన్న, జీడిమామిడి, సీమచింత, బంగాళాదుంప యిట్టివి. ఈ రెండుతెఱఁగుల పేళ్లు చదువరిని మోసపుచ్చవు. తమ రాకను దామే చెప్పుకొనును. మూఁడవది, క్రొత్తవస్తువు పాఁతపేరును బూర్తిగా నాక్రమించి, పాఁతవస్తువునే విశేషణము క్రిందికిఁ ద్రోయుట. మోసమంతయు నిచ్చటనే యున్నది.

గుమ్మడి దీనికిఁ జక్కని యుదాహరణము. నేఁడు గుమ్మడికాయ యనఁగాఁ బండినప్పుడు పసుపువన్నె గల తియ్యగుమ్మడియే తోఁచును. అది యమెరికానుండి వచ్చిన జాతి. పూర్వులకుఁ గూష్మాండమనఁగా వడియములకును లేహ్యములకును వాడుకయగు నేఁటి బూడిదగుమ్మడి. వచ్చినది గుమ్మడియైనది, ఉన్నది బూడిదగుమ్మడియైనది. మలయాళమున నిట్లే ‘ముళకు’ అను పేరు మిరపకుఁ జెల్లి, మిరియము ‘కురుముళకు’గా మిగిలినది. కావునఁ బ్రాచీనగ్రంథమున గుమ్మడి కానఁబడినప్పుడు, నేఁటి యంగడిలోని పండును దలఁచి వ్యాఖ్యానించుట తగదు.

నూనె యను మాటయు నిట్లే విచారింపఁదగినది. నూవులనెయ్యి నూనె, అనఁగా నువ్వులనుండి తీసినది మాత్రమే మొదట నా పేరున కర్హము. పిమ్మట నా పదము కొబ్బరినూనె, ఆముదపునూనె యని సాధారణార్థమున వ్యాపించెను. పందొమ్మిదవ శతాబ్దపు టుత్తరార్ధమునుండి దక్షిణదేశపు మెట్టనేలలలో వేరుసెనగ సేద్యము విస్తరింపఁగా, నా గింజనుండి తీసినదే పెక్కిండ్లలో నూనె యయ్యెను. నువ్వులనూనెకు ‘మంచినూనె’ యను పేరు మిగులుట, యొకనాఁడు దానికిఁ గల ప్రాధాన్యమునకు గుఱుతు.

సగ్గుబియ్యమున రెండువిధములైన మాఱుపు కానవచ్చును. సగ్గు మలయద్వీపములనుండి వచ్చిన పదము; అచ్చటి యొక తాళజాతివృక్షపు మానులోని పిండికి నది పేరు. నేఁడు సామర్లకోట, పెద్దాపురము ప్రాంతములఁ జేయఁబడు సగ్గుబియ్యము కఱ్ఱపెండలపు దుంపలనుండి తీయఁబడును. ఆ దుంప యమెరికాది. కనుక నది బియ్యమును గాదు, మూలార్థమున సగ్గును గాదు. అయినను గృహిణి సందేహింపక దానితోఁ బాయసము కాఁచుచున్నది. భాషయు సందేహింపక దానికా పేరిచ్చినది.

ఆచారము సాక్ష్యమని పైనఁ జెప్పఁబడినది గాని, యా సాక్ష్యమునకును మేర కలదు. శ్రాద్ధమున మిరపను నిషేధించిన సంప్రదాయమే శివరాత్రియుపవాసమునఁ జిలగడదుంప నంగీకరించినది. చిలగడదుంపయు నమెరికానుండి వచ్చినదే. సంస్కృతరూపమును బ్రాచీనతకుఁ బ్రమాణము గాదు. సీతాఫలమను పేరు విని, వనవాసమున సీతాదేవి తిన్నపండని పల్లెవారు చెప్పుకొందురు. భార్హుతు శిల్పములలో నది యున్నదని కన్నింగుహాముదొర యెంచుటచే వాదములు పుట్టినను, ఆ వృక్షపుఁ బుట్టినిల్లు అమెరికాఖండపు టుష్ణప్రదేశమనియే వృక్షశాస్త్రజ్ఞులలోఁ బెక్కండ్రు చెప్పుదురు. పేరు సంస్కృతమైనంతమాత్రమున వస్తువు సనాతనము గానేరదు.

మాఱుపునకు సముద్రము దాఁటిరావలసిన పనియు లేదు. ఇంటిలోఁ బుట్టిన వంటకమే పేరు నిలుపుకొని మేను మార్చుకొనును. కల్యాణిచాళుక్యుఁడగు మూఁడవ సోమేశ్వరుఁడు పండ్రెండవ శతాబ్దమున రచించిన మానసోల్లాసమున నిడ్డరికయను వంటకము కలదు. కన్నడమున నంతకుఁ బూర్వమే వడ్డారాధనలో నిడ్డలిగె పేరు కానవచ్చును. ఇవి నేఁటి యిడ్డెనకుఁ బూర్వరూపములనుట స్పష్టమే. కాని 1994లో భారతీయాహారచరిత్రమును విపులముగా వెలువరించిన కె. టి. అచ్చయ్యగారు, ఆ ప్రాచీనవంటకములు మినుములతోనే చేయఁబడిన వనియు, వానియందు బియ్యపురవ్వ ప్రసక్తి లేదనియుఁ జూపిరి. పేరొక్కటియే యైనను, ఆవిరిమీఁద నుడికిన నేఁటి తెల్లని యిడ్డెనను సోమేశ్వరుని పళ్లెరమునఁ బెట్టరాదు.

ఇంతకంటెను బెద్దమాఱుపు అన్నమను మాటయందుఁ గలదు. సంస్కృతమున ‘అద్’ ధాతువునుండి పుట్టిన యన్నశబ్దమునకుఁ దినఁబడునదని యర్థము. ఉపనిషత్తులలో నన్నమన సర్వవిధాహారము. తెలుఁగున నది క్రమముగా వండినబియ్యమునకు సంకుచితమై, ‘అన్నము తింటిరా’ యనుట ‘భోజనము చేసితిరా’ యనుటకు సమానమైనది. బియ్యమను మాటయు నిట్టిదే. కొఱ్ఱబియ్యము, ఆరికబియ్యము, వెదురుబియ్యము అను వాడుకలు, పొట్టు తీసిన గింజ యేదైనను బియ్యమే యను పూర్వార్థమును గాపాడుచున్నవి. ‘కూడు’ అనునది యే ధాన్యమునకైనను జెల్లును. కావునఁ బాఁతగ్రంథమునఁ గూడు, బియ్యము అని యున్నచోట, వరి యని నిశ్చయించుటకు వేఱొక యాధారము కావలయును.

తెలుఁగుదేశమున నతిప్రాచీనమైన తిండి వరి గాదు. పాలమూరు ప్రాంతమందలి ఉట్నూరు బూడిదదిబ్బను 1957లో ఆల్చిన్ దొర త్రవ్వించి, అచ్చట నవీనశిలాయుగపుఁ బశుపాలకుల యునికిని నిరూపించెను. ఆ యుగపు స్థలములలో దొరకిన కాలినగింజలను బరీక్షించి డోరియన్ ఫుల్లర్, రవి కొరిశెట్టర్ మొదలగువారు 2004లో వెలువరించిన వ్యాసమునుబట్టి, దక్షిణాపథమందలి యా తొలికర్షకుల ముఖ్యపంటలు ఉలవలు, పెసలు, అండుకొఱ్ఱలు మొదలగు చిఱుధాన్యములు. వరి ప్రాధాన్యము నొందుట యటుపిమ్మట జరిగినది. జొన్న, సజ్జ, రాగి యనునవి సయితము ఆఫ్రికాఖండమున జనించి, యతిప్రాచీనకాలమున నిచ్చటికి వచ్చినవి. పలనాటి జొన్నకూటిని శ్రీనాథుఁడు నిందించెనని చాటువులచేఁ బ్రసిద్ధము. ఆ జొన్నయు నొకప్పటి యతిథియే. ఎన్నియో తరములు గడచుటచే నింటివాఁడైనది.

మెట్టయందు జొన్నయు రాగియు, చెఱువుల క్రింద వరియు నను నీ విభాగము పందొమ్మిదవ శతాబ్దమున మాఱనారంభించెను. 1833నాఁటి కఱవున గుంటూరుసీమ నిర్జనప్రాయమైనది. పిమ్మట ఆర్థరు కాటనుదొర పూనికతో ధవళేశ్వరమునొద్ద గోదావరి యానకట్ట 1847లో నారంభమై 1852లో ముగిసెను. బెజవాడయొద్దఁ గృష్ణయానకట్ట 1855లోఁ బూర్తియయ్యెను. డెల్టాలు వరిపొలములైనవి. చాలినన్ని కాలువలు లేని రాయలసీమ 1876–78 సంవత్సరముల ధాతకఱవున నలిగిపోయెను. ఇరువదవ శతాబ్దమున నిజాంసాగరము, నాగార్జునసాగరము మొదలగునవి మెట్టను మాగాణి చేసినవి. 1983లో నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వము రెండురూపాయలకుఁ గిలో బియ్యమిచ్చు పథకము నారంభింపఁగా, జొన్నకూడే యాధారమైన పల్లెలకును వరియన్నము నిత్యభోజనమైనది.

దీనివలన నాఁకలి తగ్గుట గొప్పమేలు. ఆ మేలు ననుభవించినవారు వరియన్నమును గౌరవించుట సహజము. అయితే మెట్టధాన్యములకు దారిద్ర్యచిహ్నమను పేరు వచ్చుట చరిత్రజ్ఞానమునకుఁ గీడు చేసినది. పూర్వులందఱును వరియన్నమే తినిరను భావము ప్రబలి, బహుజనుల తిండి చరిత్రమునుండి జాఱిపోయినది. కావ్యములు మిక్కిలిగా రాజులయు, భూసురులయు, సంపన్నులయు విందులను వర్ణించుటచే నా భావము మఱింత బలపడెను. భారతదేశపుఁ బ్రతిపాదనమున నైక్యరాజ్యసమితి 2023ను చిఱుధాన్యముల సంవత్సరముగాఁ బ్రకటింపఁగా, నిన్నటివఱకు నీచముగాఁ జూడఁబడిన కొఱ్ఱలును రాగులును బట్టణపుటంగళ్లలో విలువ కెక్కినవి. వానిని వదలక తినుచు వచ్చిన గిరిజనులును మెట్టరైతులును ఈ చరిత్రమునకు మొదటి సాక్షులు.

ఇన్ని మాఱినప్పుడు, ఆంధ్రుల యాహారమని చెప్పుకొనుటకు మిగిలిన దేమని ప్రశ్న పుట్టును. మిగిలినది విస్తరియొక్క క్రమము. ధాన్య మేదైనను దానిని ముద్దగాఁ గలుపుకొనుట, పప్పును నేతిని దానికిఁ దోడుచేయుట, పులుసును జారును నటుపిమ్మట వచ్చుట, నంజుటకు నూరుఁగాయ యుండుట, చల్లతో ముగించుట. క్రీడాభిరామపుఁ బూటకూటింట నాలుగైదు నంజుళ్లును గడ్డపెరుఁగును గలవు. విష్ణుచిత్తుని యింట నూరుఁగాయయు నీరుచల్లయుఁ గలవు. నేఁటి పెండ్లిపందిటను నవి కలవు. పేదవాని యంబలి, మిరపకాయ, మజ్జిగ యనునదియు నా క్రమమునకు సంక్షిప్తరూపమే. దూరదేశములనుండి వచ్చిన వస్తువులన్నియు నీ క్రమమునకు లోఁబడి, పచ్చడియో పులుసో వరుఁగో యై తెలుఁగుదనము నొందినవి. వస్తువు వచ్చినది, వంట దానిని దనదిగాఁ జేసికొన్నది.

కావున ప్రాచీనగ్రంథములందలి యాహారపదములను వ్యాఖ్యానించువారు నాలుగువిషయములు పరీక్షించుట మేలు. ఆ వస్తువు గ్రంథకాలమున నీ దేశమునఁ గలదా యనునది మొదటిది. దాని పేరు మఱియొక పాఁతవస్తువునుండి యెరవు తెచ్చుకొన్నదా యనునది రెండవది. వర్ణింపఁబడినది యెవ్వరి భోజనము, ఏ నేలది, ఏ ఋతువుది యనునది మూఁడవది. శాసనము, వైద్యగ్రంథము, ఆచారము, త్రవ్వకములలో దొరకిన గింజలు అను నితరసాక్షులు కావ్యముతో నేకీభవించుచున్నారా యనునది నాలుగవది. ఇందు మొదటి పరీక్ష కాలనిర్ణయమునకును దోడ్పడును. పదుమూఁడవ శతాబ్దపుదని చెప్పఁబడు తాళపత్రమున మిరపకాయ కానఁబడినచో, ఆ భాగము ప్రక్షిప్తమో, గ్రంథము తరువాతిదో యగును.

నిఘంటుకారులకు నిందొక పని కలదు. ఆహారపదములకు నేఁటి యర్థముతోఁ బాటు, ఏ కాలమున నే వస్తువునకు నా పేరు చెల్లెనో చూపు నిఘంటువు సమగ్రముగా వెలువడినచో, కావ్యపాఠము చెప్పువారికిని జరిత్రకారులకును మేలగును. పల్లెలలో వృద్ధస్త్రీలు నేఁటికిని బలుకు ధాన్యములపేళ్లును, వంటపాత్రలపేళ్లును, శ్రాద్ధపువంటల నియమములును సేకరింపకున్నచో నీ సాక్ష్యమునఁ బెద్దభాగము వారితోనే పోవును. గ్రంథములు భాండాగారములలో నుండును. ఈ మాటలు మాత్రము నోళ్లలో నున్నవి. పాఠశాలాపండితులు తమ విద్యార్థుల యిండ్లనుండి యా పేళ్లను వ్రాయించి తెప్పించుట యీ కార్యమునకుఁ దొలిమెట్టు.